చివరి వంతు క్యాచర్

మార్చి చివరి శనివారం. టొలీడో ఊళ్లో ఇంకా చలి వదల్లేదు. పొయ్యి మీద గుడ్లు మాడుతున్నా లోర్నా చూసుకోలేదు. నిలబడే కునుకు తీస్తోంది.

"అమ్మాయ్, చదవవే! పదకొండో పేరు దగ్గర ఆగిపోయావు," అన్నాడు బల్ల దగ్గర్నుంచి తండ్రి హార్లన్.

మూడేళ్ల క్రితం పక్షవాతం వచ్చాక ఆయన చూపు మసకబారింది. అంకెలు గుర్తుంటాయి గానీ కొత్త పేర్లు నాలుక చివరిదాకా వచ్చి జారిపోతాయి. అయినా పాత ఫ్యాక్టరీ నేస్తాలతో ఆడే కాగితపు బేస్‌బాల్‌ను మాత్రం వదల్లేదు. ఏటా అందరూ ఒకచోట చేరి, నిజమైన ఆటగాళ్లను వంతులవారీగా తమ టీముల్లోకి ఎంచుకుంటారు. ఆ ఆటగాళ్లు సీజనంతా ఆడినదాన్నిబట్టి పాయింట్లు. ఈసారి ఎంపిక ఇవాళే, ఈ వంటింట్లోనే. మూడు వారాలుగా రోజూ పొద్దున్నే కూతురి చేత క్యాచర్ల, అంటే బ్యాట్ పట్టినవాడి వెనక కూర్చుని బంతి అందుకునేవాళ్ల, అంకెలు చదివించుకుంటున్నాడాయన.

"క్యాచర్ని అందరూ చివరికి వదిలేస్తారే. గొంతుక్కూర్చుని కూర్చుని మోకాళ్లు పోతాయి కాబట్టి వాడికి సెలవులెక్కువ. సెలవు రోజున కూడా ఊరికే కూర్చోకుండా, ఫస్ట్ బేస్‌లో నిలబడి ఆడేవాడొకడు దొరికాడంటే పంట పండినట్టే. ఈ ముసలాళ్లకెవడికీ తెలీదు వాడి విలువ."

"టివ్‌నన్. నిరుడు నూట అరవై రెండింట్లో నూట నలభై ఒక్క ఆటలు," చదివింది లోర్నా.

"అదీ! విశ్రాంతే లేదు వాడికి. నోరెత్తి అడగడు, పెట్టినచోట పనిచేస్తాడు. చివరి వంతులో కొట్టేద్దాం. గీత పెట్టు."

లోర్నా గీత పెట్టలేదు. "నాన్నా, నాకెప్పుడు సెలవు?"

"ఏంటే?"

"మూడేళ్లు! ఆస్పత్రి లాండ్రీలో ఒళ్లు హూనం చేసుకుని రావడం, నీ స్నానం, నీ మందులు, ఇప్పుడీ క్యాచర్లు. ఇరవై నిమిషాల దూరంలో ఉన్న నీ కొడుకేమో ఏడాదికోసారి డోనట్లు పట్టుకుని ఆటకొస్తాడు. ఒక్క ఆదివారం వచ్చి ఉండరా అని వాణ్ణి అడిగావా ఎప్పుడైనా?"

"వాడికి పిల్లలు, వాడి గొడవలు... అయినా నువ్వెప్పుడూ అడగలేదుగా."

"అడగనివాళ్లకి అలుపుండదా?"

లోర్నా ఆ పేర్ల కాగితం ఏప్రన్ జేబులో కుక్కుకుని, పొయ్యి కట్టేసి, ముందుగదిలో సోఫా మీద వాలింది. తండ్రిని అంతమాట అన్నందుకు కాసేపు ఏడుపొచ్చింది. ఆ ఏడుపులోనే నిద్ర పట్టేసింది.

కళ్లు తెరిచేసరికి ఎండ సోఫా మీదికి వచ్చేసింది. ఇల్లంతా నిశ్శబ్దం. ఈ ఆట రోజున అరుపులు వీధి చివరిదాకా వినబడాలి. తండ్రికేమైనా అయిందేమోనని వంటింట్లోకి పరుగెత్తింది.

బల్ల చుట్టూ హార్లన్‌తో కలిపి ఆరుగురు భారీ మనుషులు తలలు దగ్గర పెట్టుకుని గుసగుసలాడుతున్నారు. తమ్ముడు రస్సెల్ చొక్కా చేతులు మడిచి, మాడిన పెనం తోముతున్నాడు.

"టివ్‌నన్ దొరికాడా నాన్నా?"

"నాకు దొరికాడమ్మా," పళ్లికిలించాడు పక్కింటి మెర్విన్. "మీ నాన్న పావుగంట తల గోక్కున్నాడు, పేరు రాలేదు. కాగితం నీ దగ్గరుందట. లేపుదామంటే కాఫీ కప్పు పెట్టి కొడతానన్నాడు."

లోర్నా కళ్లు నిండాయి. "లేపొచ్చుగా! మూడు వారాల కష్టం."

"నిద్రపోతున్నావుగా," అన్నాడు హార్లన్, బల్లకేసి చూస్తూ.

రస్సెల్ వెనక్కి తిరక్కుండానే అన్నాడు. "ఆదివారాలు నేనుంటానక్కా. తెల్లమాత్ర భోజనం అయ్యాక, నీలంది భోజనానికి ముందు. నాన్న నాలుగుసార్లు అప్పజెప్పించుకున్నాడు."

"ఐదుసార్లు. ఒకసారి తప్పు చెప్పాడు," అన్నాడు హార్లన్.

లోర్నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. వచ్చి తండ్రి భుజం మీద చెయ్యి వేసింది. "మరి క్యాచర్‌గా ఎవరిని తీసుకున్నావు?"

"ఎవడో కుర్రాడు. వారానికి మూడు రోజులు కూర్చునే ఉంటాడట." హార్లన్ ఆమె చేతి మీద తన చెయ్యి ఉంచాడు. "కూర్చోనీ, పాపం."