గోడకు రెండు దెబ్బలు

నాన్న పోయిన రోజున పక్కింటి హార్మోనియం ఆగిపోయింది.

అంతకుముందు రెండిళ్ళ మధ్య గోడ ఊరుకున్నది లేదు. ఇవతలి గదిలో నాన్న పాటలకు మాటలు రాసేవారు. అవతలి గదిలో మాస్టారు బాణీలు కట్టేవారు. ఒకే గదిలో కూర్చుంటే కబుర్లు తప్ప పాట తయారు కాదని వయసులో ఉన్నప్పుడే ఇద్దరికీ తెలిసిపోయింది. అందుకని పక్కపక్క వాటాలు అద్దెకు తీసుకుని, గోడను మధ్యవర్తిగా పెట్టుకున్నారు. మాస్టారు వాయిస్తారు. మాట కుదిరితే నాన్న గోడ మీద ఒక దెబ్బ వేస్తారు. కుదరకపోతే రెండు, అంటే మళ్ళీ వాయించమని. మూడు దెబ్బలకు మాత్రం పాటతో సంబంధం లేదు. టీ అయింది, రమ్మని.

చివరి పాట రెండో చరణంలో ఉండగా నాన్న గుండె ఆగింది. సాగనంపి వచ్చిన మాస్టారు హార్మోనియం పెట్టె మూత వేసేశారు. మళ్ళీ తీయలేదు. కూతురు తన మంచాన్ని ఆ గోడ దగ్గర నుంచి జరిపేసింది.

ఆమె రేడియోలో యాంకర్. ఇంట్లో ఏం జరిగినా మైకు ముందు గొంతులో నవ్వు ఉండాల్సిన ఉద్యోగం. సెలవు అయిపోయి తిరిగి వెళ్ళేసరికి మేనేజర్ కొత్త కార్యక్రమం చేతిలో పెట్టాడు. మాటలు రాసేవారు, బాణీలు కట్టేవారు కలిసిన జోడీల్లో ఏది అందరికన్నా గొప్పదో శ్రోతలు ఫోన్ చేసి వాదించుకోవాలి, ఆదివారం తేల్చాలి. మాటల పక్షం ఆమెది, బాణీల పక్షాన మాట్లాడటానికి కీబోర్డు వాయించే ఒక అబ్బాయిని కూడా తీసుకొచ్చి ఆమె ఎదురుగా కూర్చోబెట్టాడు. చెదిరిన జుట్టు, తడిసిన భుజాలు, భయం లేని కళ్ళు. హెడ్‌ఫోన్స్ తలకిందులుగా పెట్టుకున్నాడు. ఆమె చెప్పలేదు.

"మాటల్లేని ట్యూన్‌ని ఎవరు పాడుకుంటారండీ?" అంది లైవ్‌లో.

"స్నానాల గదిలో అందరూ. మాటలు మర్చిపోయి లలలా అని లాగించేస్తారు. ట్యూన్ మర్చిపోయి ఉత్త మాటలు అప్పజెప్పేవాణ్ణి నేనింతవరకూ చూళ్ళేదు."

"నేను చూశాను. బళ్ళో, టీచర్ ముందు నిలబడి."

అద్దం వెనక మేనేజర్ నవ్వాడు. అతనూ నవ్వాడు, ఆ నవ్వు కాస్త ఎక్కువసేపే ఆమె మీద నిలిచింది.

"సరే, అది మీకే ఇచ్చేశా. కానీ యాంకర్ గారూ, ట్యూన్ మనిషైతే మాట చొక్కా. చొక్కా మార్చుకోవచ్చు. మా మామయ్యనే తీసుకోండి. ఆయన బాణీలకి ఎవరు రాసినా ఆ పాటలు నిలబడేవే."

"మీ మామయ్య ఎవరు?"

అతను చెప్పాడు. పక్కింటి మాస్టారి పేరు.

రేడియోలో మౌనం కన్నా పెద్ద తప్పు లేదు. ఆమె ఆ తప్పు చేసింది. మేనేజర్ అద్దం మీద వేళ్ళతో కొట్టాక, "చిన్న విరామం" అని పాట వేసి, బయటికి వెళ్ళి చల్లటి నీళ్ళతో మొహం కడుక్కుని వచ్చింది. మిగిలిన కార్యక్రమం అంతా వాతావరణ వార్తలు చదివినట్టు నడిపించింది.

సాయంత్రం వాన మళ్ళీ మొదలైంది, చెప్పాపెట్టకుండా వచ్చే చుట్టంలా. మెట్లెక్కి తాళం తీస్తుంటే వెనక ఎవరో ఆగిపోయారు. తిరిగి చూస్తే అతను. చేతిలో ఖాళీ అట్టపెట్టెలు.

"మీరు... ఈ ఇల్లు..."

"పుట్టినప్పటి నుంచీ ఇదే."

అట్టపెట్టెలు ఒక్కొక్కటీ జారి కింద పడ్డాయి. అతను ఏరుకోలేదు. "నాకు తెలీదండీ. మొన్ననే వచ్చాను. మీరు ఆయన కూతురని తెలిస్తే..."

"తెలిస్తే అబద్ధం చెప్పేవారా?"

ఆమె చూపు పెట్టెల మీద పడింది. "ఇవెందుకు?"

"మామయ్య ఇల్లు ఖాళీ చేస్తున్నారు. శనివారం లారీ వస్తుంది. మా ఊరొచ్చేస్తారట. హార్మోనియం ఎవరికో ఇచ్చేయమన్నారు."

"మరి ఆ పాట?"

"అడిగాను. ఒక్కసారి చివరిదాకా కూనిరాగం తీసి, రాసేవాడు లేని పాట నాకెందుకురా అన్నారు."

నాన్న చివరి పాట ఇంకెక్కడా లేదు. మాస్టారి వేళ్ళలో ఉంది, ఆ వేళ్ళు వెళ్ళిపోతున్నాయి. ఆమె గొంతు తగ్గించి అంది. "మీ లెక్క ప్రకారం చొక్కా ఎవరైనా కుట్టొచ్చుగా."

"అయితే మీరు కుట్టండి."

"నేను మాట్లాడతాను. రాయను." తలుపు వేసుకుంది. వేసుకున్నాక చాలాసేపు తలుపుకి ఆనుకునే నిలబడింది. అవతల అట్టపెట్టెలు ఏరుకుంటున్న చప్పుడు, తుమ్ము, మళ్ళీ తుమ్ము. టవల్ ఇవ్వాల్సింది అనిపించింది. ఇవ్వలేదు.

శుక్రవారం మధ్యాహ్నం ఆమె బట్టలు ఇస్త్రీ చేస్తోంది. గోడ అవతల హార్మోనియం మోగింది.

ఇస్త్రీపెట్టె చేతిలోనే ఉండిపోయింది. అదే పాట. మాస్టారి వేళ్ళు కావు, కుర్ర వేళ్ళు, తడుముకుంటూ. పల్లవి, మొదటి చరణం, రెండో చరణం. మూడో లైను దగ్గర స్వరాన్ని సాగదీసి, ఆగకుండా నాలుగో లైనులోకి వెళ్ళిపోయాడు.

ఆమె చెయ్యి ఆమెను అడగలేదు. లేచి వెళ్ళి గోడ మీద రెండు దెబ్బలు వేసింది.

హార్మోనియం టక్కున ఆగింది. ఏం చేసిందో అప్పుడు తెలిసింది. అవతల కుర్చీ పడిన చప్పుడు, పరుగులాంటి అడుగులు, వెంటనే తన తలుపు మీద దబదబా బాదుడు.

తలుపు తీస్తే మాస్టారు. కాళ్ళకు చెప్పులు లేవు. కళ్ళజోడు లేదు. లోపలి గదిలో నిద్రపోతున్న మనిషి అట్నుంచి అటే వచ్చేశారు. ఆమె భుజం మీదుగా గదిలోకి వెతుకుతున్నారు.

"ఎవరు కొట్టారు?"

"నేనే పెదనాన్నా. పొరపాటున..."

ఆయన మొహంలో ఏదో వెలిగి ఆరిపోయింది. "వాడు తప్ప ఎవరూ కొట్టలేదు ఆ గోడ. నువ్వెందుకు కొట్టావు?" గొంతు పెద్దది కాలేదు, అందుకే ఆమెకు ఎక్కువ భయం వేసింది. "ఒక్క క్షణం వాడున్నాడనుకున్నానమ్మా. ఇప్పుడు మళ్ళీ పోయాడు."

వెనక్కి వెళ్ళి తలుపు వేసుకున్నారు. వసారాలో ఆమె, మాస్టారి వెనకే పరిగెత్తుకొచ్చిన అతను మిగిలారు. ఆమె తల ఎత్తలేకపోయింది. తిడతాడనుకుంది, లేకపోతే ఓదారుస్తాడనుకుంది.

"ఎక్కడ?" అన్నాడు.

"ఏంటి?"

"రెండు కొట్టారు కదా. ఎక్కడ తప్పు పోయాను?"

ఆమె కళ్ళు తుడుచుకుని అతన్ని చూసింది. ఎగతాళి లేదు. నేర్చుకునేవాడి మొహం.

"మూడో లైను చివర. అక్కడ ఆగాలి. నాన్న అక్కడ స్వరం పెట్టనిచ్చేవారు కాదు. ఊపిరి పీల్చుకునే చోటు వదలండి అని పెదనాన్నతో నెల్లాళ్ళు దెబ్బలాడారు. రెండు దెబ్బలు, మళ్ళీ రెండు దెబ్బలు. నాకు నిద్రపట్టేది కాదు."

అతను నోట్లోనే ఆ లైను అనుకున్నాడు. ఆగాడు. మళ్ళీ అనుకున్నాడు.

"పాటంతటికీ బాగుండేది ఆ ఖాళీనే," అన్నాడు నెమ్మదిగా. "ట్యూన్‌లో భాగమని తెలీక, మామయ్య ఊపిరి అందక ఆగారనుకుని దాటేశా. అది మీ నాన్నగారిదా?" అతనే మళ్ళీ అన్నాడు. "చొక్కా అన్నాను. వెనక్కి తీసుకుంటున్నాను. ఆదివారం మైకులో కూడా చెప్తాను."

అప్పుడు గోడ అవతల హార్మోనియం మోగింది. ఈసారి తడుముకోవడం లేదు. మూడో లైను వచ్చింది, చివర ఆగింది. ఊపిరి తీసుకునేంత ఖాళీ. అక్కణ్ణుంచి ముందుకు కదల్లేదు.

"మీ కోసం ఆగారు," అన్నాడు అతను.

"నాకు చేతకాదు."

"కుదిరిందో లేదో చెప్పడానికి చేతనవుతుందిగా. ఇందాకే చెప్పారు, నా మీద."

ఆమె లోపలికి వెళ్ళింది. గోడ మీద ఒకే ఒక్క దెబ్బ వేసింది. తరువాత నాలుగో లైను వచ్చింది. వెనకే మాస్టారి గొంతు, జలుబు చేసినట్టు. "మాట చెప్పమ్మా."

"రావట్లేదు పెదనాన్నా."

"వాడికి మాత్రం ఏ రోజు వెంటనే వచ్చింది గనక."

శనివారం వచ్చిన లారీని అతనే కిందికి వెళ్ళి తిప్పి పంపాడు. డ్రైవరు చేత నాలుగు మాటలు పడ్డాడు కూడా.

ఆదివారం మైకు ముందు అతను అన్న మాట నిలబెట్టుకున్నాడు. హెడ్‌ఫోన్స్ మళ్ళీ తలకిందులుగానే పెట్టుకుంటే, ఈసారి ఆమె లేచి సరిచేసింది. ఏ జోడీ గొప్పదో శ్రోతలు తేల్చలేకపోయారు, కార్యక్రమం ఇంకో వారం పెంచుతానన్నాడు మేనేజర్. బయటికి వచ్చాక మెట్ల దగ్గర అతను ఆగాడు.

"నేను ఊరికి తిరిగి వెళ్ళట్లేదు. మామయ్య కోసమే అని ఇంట్లో చెప్పాను. మీ దగ్గర ఆ అబద్ధం చెప్పబుద్ధి కావట్లేదు."

ఆమెకు అర్థమైంది. "ఆలోచించుకోవాలి," అంది.

"ఊపిరి పీల్చుకునే చోటు వదులుతాను," అన్నాడు.

ఆ సాయంత్రం మంచాన్ని మళ్ళీ గోడ దగ్గరికి జరిపింది. టీ పెట్టి, గోడ మీద మూడు దెబ్బలు వేసింది. పక్కింటి తలుపు చప్పుడయ్యేలోపు ఇద్దరూ వచ్చేశారు, ఎవరు ముందో తెలియలేదు.

రెండో చరణంలో రెండు లైన్లు వచ్చాయి. మూడోది ఇంకా రాయలేదు. అతనికి ఇంకా ఏ జవాబూ చెప్పలేదు.