పెద్దాయన ల్యాండింగ్

మధ్యాహ్నం మూడైనా రన్‌వే మీద పొగమంచు వీడలేదు. "దించేది ఆటోపైలటేగా సార్, మనకేం భయం?" అంది కో-పైలట్ అమ్మాయి. "చనిపోయిన మన పెద్దాయన ల్యాండింగులే దానికి నేర్పించారట. పువ్వు పెట్టినట్టు దించుతుంది."

కెప్టెన్‌కి ఆ పేరు వింటేనే మంట. ముప్ఫై ఏళ్లు పెద్దాయన పక్కన కో-పైలట్‌గా కూర్చుని, ఆయన సిగరెట్టు పొగ పీలుస్తూ, ఆయన మీద కురిసే పొగడ్తలు వింటూ కుళ్లిపోయిన మనిషి. ఆయన గుండె ఆగిందని తెలిసిన రోజు పైకి ఏడ్చి, లోపల హమ్మయ్య అనుకున్నాడు. చచ్చినవాడు ఊరుకోక, ఇప్పుడు మిషన్లో దూరి మరీ తన నోటికాడి కూడు లాక్కుంటున్నాడు! నెలకొక్కసారైనా చేత్తో దించకపోతే కంపెనీ విమానం నడపనివ్వదు, తీసుకెళ్లి ఆఫీసు కుర్చీలో పడేస్తుంది. ఇవాళే నెలాఖరు. ఇంత మంచులో చేత్తో దించకూడదన్న రూలూ ఉంది. రూలుదేముందిలే అనుకున్నాడు.

ఆటోపైలట్ ఆపేశాడు. "నా చేతిలో ఉంది."

అమ్మాయి ఉలిక్కిపడింది. అయినా అలవాటు కొద్దీ, "మీ చేతిలో ఉంది," అంది. విమానం అందుకున్నవాళ్లు 'నా చేతిలో ఉంది' అని పైకి అనాలి, రెండోవాళ్లు బదులు చెప్పి చేతులు తీసెయ్యాలి. నిద్రలో లేపినా పైలట్ నోట వచ్చే మాటలవి.

బయట అంతా తెలుపు. నేల ఇంకా ఎన్ని అడుగులుందో మిషన్ గొంతు చదువుతోంది. వంద... యాభై... దీపాలు కనపడవు. అలవాటు తప్పిన చెయ్యి కంట్రోల్‌ని ఎక్కువ తిప్పేసింది. విమానం పక్కకి ఒరిగింది.

"సార్..." గుసగుసగా అంది అమ్మాయి.

ముప్ఫై...

గుప్పున సిగరెట్టు వాసన. హెడ్‌ఫోన్‌లో, చెవిలోనే, మెల్లగా, ముప్ఫై ఏళ్లు విన్న గొంతు...

"నా చేతిలో ఉంది."

"మీ చేతిలో ఉంది," అనేశాడు కెప్టెన్. చేతులు వదిలేశాడు.

చక్రాలు నేలని తాకిన సంగతే తెలియలేదు. వెనక ప్రయాణికులు చప్పట్లు కొట్టారు.

"అచ్చం పెద్దాయన దించినట్టే దించారు సార్!" అమ్మాయి కళ్లు తుడుచుకుంది.

నేను కాదు అనబోయాడు. నోరు పెగల్లేదు. బెల్టు విప్పబోయాడు. చెయ్యి రాలేదు.

విమానం ఆగాక లేచింది చెయ్యి. దానంతటదే. జేబులోంచి ఫోను తీసి భార్యకి కలిపింది.

"వచ్చేస్తున్నానోయ్... ఏం తెమ్మంటావు?" తన నోరే. తన గొంతే. ఇన్నేళ్లలో ఒక్కసారీ అనని మాట.

అవతల ఆవిడ నవ్వింది. పెళ్లైన కొత్తలో కూడా తనతో అంత హాయిగా నవ్వలేదు. కెప్టెన్ కుళ్లుతో, భయంతో లోపల కేకలు పెట్టాడు. పక్కనున్న అమ్మాయికి కూడా వినపడలేదు.

"ఇవాళ ఎంత బాగా మాట్లాడుతున్నారండీ," అంది ఆవిడ. "ఏమీ వద్దు, తొందరగా రండి."