పుచ్చుకోకూడని గొడుగు

గ్లాస్గోలో వాన మొదలైతే చాలు, మొరాగ్ తలుపు పక్కనున్న నీలం గొడుగు వైపు చూసి ముసిముసిగా నవ్వుకుంటుంది. పెళ్లై నెలైనా కాలేదు. గొడుగు కథ మాత్రం పెళ్లికన్నా పాతది.

ఆ రోజూ ఇలాంటి వానే. బస్సు డ్రైవర్లు, బడి వంటవాళ్లు దాచుకున్న పింఛను నిధిని ఎక్కడ పెట్టాలో పరిశీలించే ఉద్యోగం ఆమెది. స్టేషన్ ముందు తడుస్తుంటే ఎవరో తలమీద గొడుగు పట్టారు. థ్యాంక్స్ చెప్పబోయి, గొడుగు మీదున్న కంపెనీ పేరు చూసి పక్కకు దూకింది.

"గొడుగేనండీ, కరవదు!" అన్నాడతను.

"మీ కంపెనీ ఫైలు నా బల్ల మీదుంది. మీ దగ్గర బిస్కట్టు ముక్క కూడా పుచ్చుకోకూడదు."

"పుచ్చుకోకండి. కింద నడవండి చాలు."

"అదీ పుచ్చుకోవడమే."

కల్లమ్ అనే ఆ అబ్బాయి టక్కున గొడుగు మడిచేశాడు. ఇద్దరూ ముద్దగా తడిసి ఆమె ఆఫీసు చేరారు.

అతని కంపెనీ ఇలాంటి నిధుల సొమ్ము తీసుకుని, బ్యాంకులతో పని లేకుండా వ్యాపారాలకు నేరుగా అప్పులిస్తుంది. ఆ ఏడు పింఛను నిధులన్నీ అటే చూస్తున్నాయి. వడ్డీ బాగా వస్తుంది, కానీ పెట్టిన సొమ్ము ఏళ్ల తరబడి కదలదు. మొరాగ్ అతన్ని ఫోన్లో గుచ్చిగుచ్చి అడిగేది.

"అప్పు తీసుకున్నవాడు మునిగితే?"

"ముందు మునిగేది మేమే. మా సొంత డబ్బూ అందులోనే ఉంది."

"ఈత వచ్చా మీకు?"

"మీరు నేర్పిస్తే..."

"తర్వాతి ప్రశ్న!"

ఫోన్ పెట్టేశాక నవ్వాగేది కాదు. ఆ వెంటనే భయం. ఆ కంపెనీ బాగుందని రాస్తే మనసు రాయించినట్టు, బాగాలేదని రాస్తే మనసుకు జడిసి రాసినట్టు. డ్రైవర్ల ముసలితనం తన కలం మీద ఆధారపడి ఉందాయె.

నిధి ఎక్కడ పెట్టాలో తేల్చే కమిటీ కూర్చునే రోజు వచ్చింది. అధ్యక్షుడు టలక్ రిటైరైన బస్సు డ్రైవరు. ప్రతి సమావేశం మొదట్లో అడిగేదే అడిగాడు: "వచ్చిన కంపెనీతో ఎవరికైనా సొంత సంబంధం ఉందా?" లేదని గొణిగి టీ కప్పులు అందుకోవడం అక్కడి అలవాటు.

మొరాగ్ చెయ్యెత్తింది.

తన కంపెనీ గురించి చెప్పడానికొచ్చి తెర పక్కన నిలబడ్డ కల్లమ్ చేతిలోంచి రిమోట్ జారిపడింది.

"ఏం సంబంధం, అమ్మాయ్?"

"ఇప్పటికేమీ లేదండీ. ఉంటే బావుండుననిపిస్తోంది. ఫైలు ఇంకెవరికైనా ఇవ్వండి."

టలక్ కళ్లజోడు పైకి తోసుకున్నాడు. "నీ సంగతేంటబ్బాయ్?"

"నాకు... వాన రోజు నుంచే ఉందండీ."

"రెండూ రాసుకోండి. అమ్మాయ్, నువ్వు బయటికెళ్లాలి, రూలు. ఇన్నేళ్లకు ఈ ప్రశ్నకో మంచి జవాబు విన్నాను!"

చాలాసేపటికి కల్లమ్ బయటికొచ్చాడు, చెవులు ఎర్రగా.

"ఎలా జరిగింది?"

"సొమ్ము ఎప్పుడు వెనక్కి తీసుకోవచ్చని అడిగారు. నా ధ్యాసంతా మీ మీదే ఉంది, చచ్చేదాకా వద్దన్నాను."

మొరాగ్ పొట్ట చేత్తో పట్టుకుని నవ్వింది. గుమ్మంలో అతను గొడుగు తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "వాళ్లు తేల్చేదాకా ఆగు." మళ్లీ తడుస్తూనే నడిచారు, ఈసారి మెల్లగా.

నిధి చివరికి ఇంకో కంపెనీని ఎంచుకుంది. ఆ కబురొచ్చిన సాయంత్రం కల్లమ్ ఆమె గుమ్మం ముందు నిలబడ్డాడు. ఓడిపోయినవాడి మొహం పెట్టాలని చూశాడు గానీ కుదరలేదు. చినుకులు పడుతున్నాయి. నీలం గొడుగు ముందుకు చాపాడు.

"ఇప్పుడు పుచ్చుకోవచ్చా?"

"నువ్వే పట్టుకో," అంది మొరాగ్, దాని కిందికి దూరుతూ. "టీ నేనిప్పిస్తాను."