బండమీది బంగళా, దాని కింద లారీ

ఫిల్మ్ నగర్‌లో ఆ బంగళా పేరెత్తితే చాలు, ఆటోవాళ్లు "గాడికా? నేను రాను" అంటారు. బండ మీద సగం కట్టి వదిలేసిన ఇల్లు. కిటికీలుండాల్సిన చోట చీకటి బొక్కలు. పొద్దుగూకితే లోపల ఎవరో ఉయ్యాల ఊగుతున్నట్టు... కిర్ర్... కిర్ర్...

ఇద్దరు వాచ్‌మన్‌లు పని మానేసి పోయారు. ఒకడు తెల్లచీర చూశానన్నాడు. రెండోవాడు ఏం చూశాడో ఇప్పటికీ చెప్పడు.

ఆ బండ కిందే ఒక రేకుల షెడ్డు. సినిమాలకు కిరాయికిచ్చే పాత బండ్లు అందులో ఉంటాయి. బోరబండ మెకానిక్ తిరుమలేశ్ ఆ సాయంత్రం అక్కడికి పోక తప్పలేదు.

ధైర్యస్థుడే. దెయ్యాలంటే తనకు భయం లేదని రోజూ ఎవరో ఒకరికి చెబుతూనే ఉంటాడు — ఎవరూ అడగకపోయినా.

షెడ్డులో ముక్కు పొడుచుకొచ్చిన తాతల నాటి లారీ ఒకటుంది. తెల్లారితే దాన్లో పెళ్లివారి వేషాలేసిన ఆడవాళ్లను ఎక్కించి, వాలు రోడ్డు మీద దింపుతూ పాట తీస్తారు. దాని డ్రైవర్ ఓదెలు ముందురోజే మొత్తుకున్నాడు. "ముంగటి చక్రాలు మూలుగుతున్నయ్ రా. బేరింగులు పోయినయ్. గట్లనే దింపితే చక్రమొక దిక్కు, మేమొక దిక్కు పోతం."

అంత పాత బండికి సరిపోయే బేరింగులు ఊరంతా తిరిగితే సాయంత్రానికి దొరికాయి. అందుకే ఈ చీకటి పని.

కుడి చక్రం అయిపోయింది. ఎడమ చక్రం ఊడదీసి, లోపల అరిగిన పాత బేరింగు కప్పులను ఇత్తడి రాడ్డు పెట్టి ఠంగు ఠంగున కొట్టి రాల్చాడు. చక్రం నడిమి హబ్బును కిరసనాయిలుతో కడిగాడు. కొత్త కప్పులు దించాడు. అరచేతిలో ముద్దంత గ్రీసు వేసుకుని, బేరింగును దాంట్లోకి అదుముతూ పోయాడు — రోలర్ల సందుల్లోంచి గ్రీసు అవతలికి ఉబికి వచ్చేదాకా. ఆ పని చేస్తుంటే అతనికి లోకం గుర్తుండదు.

చక్రం ఎక్కించాడు. బయటి బేరింగు, వాషరు, నట్టు. చక్రాన్ని తిప్పుతూ నట్టు బిగించి, కొంచెం వెనక్కి వదిలాడు. ఇక నట్టు ఊడిపోకుండా స్ప్లిట్ పిన్ను గుచ్చి, దాని రెండు కాళ్లు వంచితే అయిపోయె. పిన్ను చేతిలోకి తీసుకున్నాడు...

కిర్ర్... కిర్ర్...

పైన ఉయ్యాల.

ఆగింది.

కాసేపటికి చెప్పుల్లేని అడుగులు. బండ మీది నుంచి కిందికి... షెడ్డు దాకా...

నేల మీద పెట్టిన ఫోను లైటు వెలుగులో, లారీ కింది నుంచి కనిపించాయి — సున్నం పూసినట్టు తెల్లటి పాదాలు. వాటి మీద తెల్లచీర అంచు.

"అన్నా..." అంది గొంతు, గుసగుసగా. "జర..."

మిగతా మాట వినడానికి తిరుమలేశ్ అక్కడ లేడు.

మెయిన్ రోడ్డు మీద చాయ్ బండి దగ్గర గానీ ఆగలేదు.

"ఏందన్నా, గట్ల ఉరికొస్తున్నవ్?" అన్నాడు చాయ్ అతను.

"బరువు పెరిగిన. జర తగ్గాలె."

చాయ్ గ్లాసు అందుకోబోతే పిడికిలి తెరుచుకుంది. అరచేతిలో స్ప్లిట్ పిన్ను.

ఓదెలు వెలుగు రాకముందే వచ్చి బండి తీస్తాడు. వాలులో నట్టు తిరిగి తిరిగి వదులవుతుంది. చక్రం ఊడుతుంది... బండి నిండా ఆడవాళ్లు.

ఓదెలుకు చెబుదామంటే నంబరు ఫోన్లో ఉంది. ఫోను దెయ్యం దగ్గరుంది.

చాయ్ ముట్టకుండానే వెనక్కి నడిచాడు. వచ్చేటప్పుడున్న వేగం పోయేటప్పుడు లేదు గానీ, నడిచాడు.

షెడ్డులో వెలుగు కదులుతోంది. తెల్లచీర మనిషి చక్రం పక్కనే గొంతుక్కూచుని ఉంది. జుట్టు విరబోసుకుంది. చేతిలో అతని ఫోను.

తిరుమలేశ్ కళ్లు గట్టిగా మూసుకుని దండం పెట్టాడు. "అమ్మా... నువ్వెవరో నాకొద్దు. గీ ఒక్క పిన్ను పెట్టుకోని పోత. తెల్లారితే పాపం ఆడోళ్లు ఎక్కుతరు గీ బండి..."

ఫోను లైటు అతని ముఖం మీదికి తిరిగింది.

"ఆ ఆడోళ్లల్ల నేను గూడ ఉన్న," అంది దెయ్యం. "జర మంచిగ పెట్టన్నా."

కళ్లు తెరిచాడు. సున్నం కాదు, పౌడరు. చెంప మీద చెమటకు చారలు కట్టింది.

పేరు భూలక్ష్మి. జూనియర్ ఆర్టిస్టు. ఈ రాత్రికి దెయ్యం, తెల్లారితే పెళ్లివారమ్మాయి. పై రోడ్డు నుంచి వచ్చిన యూనిట్ ఏదో బంగళా వెనకాల షూటింగు పెట్టింది. దెయ్యాల సినిమా అంటే అందరికీ ఆ ఇల్లే కావాలి. ఏళ్ల తరబడి అందులో ఊగుతున్నది ఇలాంటి భూలక్ష్ములే.

"ఉయ్యాల చప్పుడుకు నా డైలాగు వినొస్తలేదంట. జర గ్రీసు పెడ్తవా అని అడుగుదామంటే ఉరికితివి."

"ఎవరు ఉరికిండ్రు? చాయ్ తాగనీకి పోయిన."

"మంచిది," అంది భూలక్ష్మి, నవ్వు ఆపుకోకుండా.

ఆమె లైటు పట్టుకుంది. అతను పిన్ను గుచ్చి, కాళ్లు వంచి, చక్రాన్ని ఒక్క తోపు తోశాడు. మూలుగు లేదు. మెత్తగా తిరిగింది. కాగితంలో ఇంత గ్రీసు పెట్టి ఆమె చేతికిచ్చాడు.

పోతూ పోతూ ఆమె ఆగింది. "అసలు మా యూనిటోళ్లే జడుసుకున్నరన్నా. షెడ్డుల దెయ్యమున్నది, ఠంగు ఠంగున ఇనుము కొడ్తున్నదని, గ్రీసు కోసం ఒక్కడు కిందికి రాలే. 'నీకైతే దెయ్యం వేషం ఉన్నది గదా, నిన్నేమనదు' అని నన్ను పంపిండ్రు."

తిరుమలేశ్ లారీ అద్దంలోకి చూసుకున్నాడు. ముఖమంతా నల్లటి గ్రీసు. అందులో రెండు కళ్లు.

తెల్లవారాక లారీ వాలులో హాయిగా దిగింది. ఓదెలు ఒంటిచేత్తో స్టీరింగు తిప్పుతున్నాడు. రోడ్డు పక్కన తిరుమలేశ్ లైట్‌మన్లను చుట్టూ పోగేసి, ఆ షెడ్డులో రాత్రంతా ఒక్కడే ఎట్లా ఉన్నాడో, దెయ్యమే తనను చూసి ఎట్లా పారిపోయిందో చెబుతున్నాడు. వాళ్లు నోరు తెరుచుకుని వింటున్నారు.

లారీ దగ్గరికొచ్చింది. పట్టుచీరల గుంపులోంచి ఒకామె బయటికి వంగి, వీధంతా వినిపించేలా కేకేసింది.

"ఓ అన్నా! ఇంతకు చాయ్ తాగినవా, తాగకుండనే ఉరికొస్తివా?"