పలకని మూల

ధ్యానమందిరం వెనకాల, బావి దాటాక ఉన్న మూలని చుట్టుపక్కల వాళ్లు 'పలకని మూల' అనేవాళ్లు. చీకటి పడ్డాక అక్కడ అడుగుల చప్పుడు వినపడుతుంది. ఎవరది అని అడిగితే పలకరు. అడుగులు మాత్రం ఆగవు. పాలుపోసే అతను ఒకసారి ఆ చప్పుడు విని క్యాను అక్కడే వదిలేసి పరిగెత్తాడు. మర్నాడు మిట్టమధ్యాహ్నం దాన్ని తెచ్చుకోవడానికి ఇద్దరిని తోడు తీసుకెళ్లాడు.

నేను చెప్పేది మా బాబాయికి జరిగింది. బాబాయి తాపీమేస్త్రీ. కోతలు కోయడంలో మా ఇంట్లో ఆయన్ని మించినవాళ్లు లేరు. కానీ ఈ ఒక్క సంగతి చెప్పేటప్పుడు మాత్రం గొంతు తగ్గిస్తాడు. అందుకే నమ్మాను.

మందిరం పక్క స్థలం ఒక గోడౌన్ యజమానిది. ఆయన కన్ను ఆ బావి మీద పడింది. మందిరం స్థలం పటాన్ని ఎప్పుడో చెదలు తినేశాయి, ఇక హద్దురాళ్లే సాక్ష్యం. ఆ రాళ్లని బట్టి కొలిచి కొత్త పటం గీయడానికి సర్వేయరు మర్నాడు పొద్దున వస్తున్నాడు. ఈ రాత్రికి మూలరాయి నలభై అడుగులు లోపలికి జరిగిందంటే బావి గోడౌన్ వైపు వచ్చేస్తుంది. మందిరానికి వేరే నీళ్లు లేవు. నీళ్లు లేకపోతే ఆర్నెల్లలో తాళం పడుతుంది.

"రాయి జరుపు మేస్త్రీ. ప్రహరీ పని మొత్తం నీదే," అన్నాడాయన.

బాబాయికి మూడు నెలలుగా పని లేదు. పిన్ని నోటితో మాట్లాడటం మానేసి గిన్నెలతో మాట్లాడుతోంది. తప్పని తెలిసే సరేనన్నానురా, అన్నాడు నాతో.

రాత్రి గునపం, పార పట్టుకుని వెళ్లాడు. వెన్నెల లేదు. టార్చి వెలిగిస్తే పట్టుబడిపోతాడు. తడుముకుంటూనే తవ్వాడు. రాయి పైకి మోకాలెత్తే ఉంది గానీ, పాతినవాళ్లు పనితనం తెలిసినవాళ్లు. చుట్టూ రాళ్లముక్కలు కూరి, మట్టి తడిపి, గట్టిపడేలా దిమ్మిసతో కొట్టారు. గొయ్యి వెడల్పు చేసి, రాయిని పెకిలించి గడ్డిలోకి దొర్లించేసరికి గంట పట్టింది.

అప్పుడు వినపడింది.

ఇసుక మీద ఒక అడుగు... ఆగి... ఇంకో అడుగు. చెప్పులు లేని కాలు. మందిరం వైపు నుంచి ఇటే వస్తోంది.

పరిగెడదామంటే చీకట్లో గునపం తగిలి చప్పుడవుతుందని భయం. గోతిలోకి దిగి గొంతుక్కూర్చున్నాడు. తల మాత్రం పైకి ఉంది.

"ఎవరది...?" అన్నాడు చిన్నగా.

పలకలేదు.

అడుగులు సరిగ్గా గోతి ముందు ఆగాయి. బట్టల రాపిడి... ఎవరో వంగుతున్నారు. ఒక చెయ్యి వచ్చి బాబాయి బట్టతల మీద ఆనింది. వెచ్చటి చెయ్యి. ఒక్క క్షణం ఉండి పైకి లేచింది. అడుగులు వెనక్కి మళ్లాయి.

ఊపిరి పీల్చుకునేలోపు మళ్లీ అడుగులు... ఇంకో చెయ్యి. గరుకుది. తర్వాత గాజులున్నది. తర్వాత వణుకుతున్నది. అలా పది చేతులు లెక్కపెట్టాడు. ఒక్కరూ నోరు విప్పలేదు.

పదో చెయ్యి వెళ్లాక చాలాసేపు ఏమీ లేదు. ఇక లేద్దామనుకున్నాడు.

పదకొండోసారి — అడుగుల చప్పుడు రాలేదు. చెయ్యి మాత్రం వచ్చింది.

చిన్న చెయ్యి. చల్లగా... తడిమట్టి వాసనతో. అది ఊరికే ఆనలేదు. తల పట్టుకుని ఇటు ఊపింది... అటు ఊపింది... ఆగింది. మళ్లీ ఊపింది.

ఆ తర్వాత ఏం జరిగిందో బాబాయికి తెలీదు. స్పృహ తప్పింది.

తెల్లవారుతుండగా మందిరం వంటమ్మ బావికి నీళ్లకొచ్చింది. నేల మీద తల ఒకటి కళ్లు తెరిచి చూస్తుంటే బకెట్టు జారవిడిచింది. పోల్చుకున్నాక దగ్గరికొచ్చింది.

"ఏం మేస్త్రీ, గోతిలో ఏం పనయ్యా?"

బాబాయి ఏడుస్తూ అంతా చెప్పేశాడు. గోడౌన్ ఆయన, రాయి, చేతులు — ఏదీ దాచే ఓపిక లేదు. వంటమ్మ ముందు తిట్టింది. చేతుల సంగతి విన్నాక నవ్వాపుకోలేకపోయింది.

"దెయ్యాలు కాదయ్యా. మౌనదీక్షలో ఉన్నవాళ్లు. ఈ వారం పదిమంది ఉన్నారు. రాత్రిళ్లు కళ్లు మూసుకుని ఈ ఇసుకబాట వెంట నడుస్తారు. చివరి రాయిని తాకి వెనక్కి మళ్లాలి. కళ్లు తెరవకూడదు, నోరు తెరవకూడదు. నీ బట్టతలే రాయనుకున్నారు."

బాబాయికి ప్రాణం లేచొచ్చింది. తనకీ నవ్వొచ్చింది.

"పదిమందేనా? మరి ఆఖర్న నా తల పట్టుకుని ఊపిన ఆవిడెవరమ్మా?"

వంటమ్మ నవ్వు ఆగిపోయింది.

"ఊపారా...?"

"అటూ ఇటూ. రెండుసార్లు."

ఆవిడ గొంతు తగ్గించింది.

"ఈ మందిరం పెట్టిన పెద్దమ్మగారు ఈ రాళ్లన్నీ తన చేత్తో పాతారు. పక్కవాళ్లు జరుపుతారని ఆవిడకి భయం. రోజూ పడుకునే ముందు ఒక్కో రాయినీ ఊపి చూసేవారు. వదులుగా ఉంటే అక్కడే కూర్చుని, గట్టిచేసి గానీ లేచేవారు కాదు... ఆవిడ పోయి ఆరేళ్లయింది."

బాబాయి ఇక అక్కడ ఒక్క నిమిషం ఉండదలచుకోలేదు. "చెయ్యివ్వమ్మా, లేస్తాను," అన్నాడు. ఆవిడ లాగింది. కదల్లేదు. కాళ్లు తిమ్మిరెక్కాయనుకున్నాడు. ఇద్దరూ కిందికి చూశారు.

నడుం దాకా మట్టి ఉంది. చుట్టూ రాళ్లముక్కలు కూరి, తడిపి, దిమ్మిసతో కొట్టి ఉంది.

ఆయన్ని బయటికి తియ్యడానికి గంట పట్టింది. సర్వేయరు వచ్చేలోపు బాబాయే ఆ రాయిని తీసిన గోతిలోనే మళ్లీ పాతాడు. బావి మందిరానికే ఉంది. ప్రహరీ పని పోయింది. దాని గురించి బాబాయి ఎప్పుడూ బాధపడలేదు.

ఇప్పటికీ ఎవరైనా ప్రేమగా తల మీద చెయ్యి వేస్తే మా బాబాయి బిగుసుకుపోయి కూర్చుంటాడు. కాస్త కూడా కదలడు. వదులుగా ఉన్నాడని అనుకుంటారేమోనని భయం.