తొమ్మిది రోజులుగా కదలని కారు

మధ్యాహ్నం పన్నెండూ ఇరవై. ఇన్‌స్పెక్టర్ జీపు దిగేసరికి గేటు బార్లా తెరిచి ఉంది.

వాకిట్లో కారు ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది. సిమెంటు మీద ఒక్క ఆయిల్ చుక్క కూడా లేదు.

పోయిన కారు వివరాలు వింటే దొంగకి మతి ఉందా అనిపిస్తుంది. పదమూడేళ్ళ చిన్న కారు. రంగు వెలిసింది. ఒక డోరు వేరే కారు నుంచి తెచ్చి బిగించారు. దానికి పదడుగుల దూరంలో, షెడ్డులో, కవరు కప్పుకుని దర్జాగా ఇంకో కారు నిలబడి ఉంది. విదేశీ లగ్జరీ కారు. షోరూములో ఉన్న రోజుల్లో దాని ధరకి అలాంటి చిన్న కార్లు డజను వచ్చేవి.

"దొంగకి కళ్ళు లేవా మేడమ్?" అన్నాడు కానిస్టేబుల్.

"ఉన్నాయేమోనయ్యా. అందుకే చిన్నది పట్టుకెళ్ళాడేమో," అంది ఇన్‌స్పెక్టర్.

ఆవిడకి యాభై దగ్గర పడుతున్నాయి. నవ్వు తక్కువ, నడక ఎక్కువ.

ఇల్లు మామగారిది. కింద పెద్దల్లుడి కుటుంబం, పైన చిన్నల్లుడి కుటుంబం. లగ్జరీ కారు పెద్దల్లుడిది. పోయింది చిన్నల్లుడిది. అతను కుట్టుమిషన్లు రిపేరు చేస్తాడు. మెట్ల మీద కూలబడి, చెమట తుడుచుకోవడం కూడా మర్చిపోయాడు.

"ఇన్సూరెన్స్ ఉందా?"

"థర్డ్ పార్టీయే మేడమ్. దొంగతనానికి పైసా రాదు. కారు సంగతి పోనీండి. డిక్కీలో నా టూల్స్ ఉన్నాయి. ఇరవై ఏళ్ళుగా ఒక్కొక్కటీ కూడబెట్టినవి. రేపు ఎనిమిదింటికి బట్టల ఫ్యాక్టరీలో పని మొదలు. నూట నలభై మిషన్లు, ఏడాది కాంట్రాక్టు. టూల్స్ లేకుండా వెళ్తే గేటు దగ్గర నుంచే పంపించేస్తారు. నా తర్వాత ఇంకొకడు కాచుక్కూర్చున్నాడు."

"పొద్దున మీరెక్కడున్నారు?"

"మిషన్లు చూపిస్తామని ఫ్యాక్టరీ వ్యాను వచ్చి తీసుకెళ్ళింది. పదింబావుకి వెళ్ళాను, పన్నెండుకి దిగాను. అప్పటికే లేదు."

మామగారు చిన్న కూతురితో కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళారు. పెద్ద కూతురు ఆఫీసులో ఉంది. ఇంట్లో మిగిలింది ఆఫీసుకి సెలవు పెట్టిన పెద్దల్లుడొక్కడే.

"పదకొండుకి మామగారి మందుల కోసం మెడికల్ షాపుకి వెళ్ళాను," అన్నాడతను. ఇస్త్రీ చొక్కా, చేతికి పెద్ద వాచీ. "గేటు దగ్గరగా వేసి వెళ్ళాను. పదకొండూ యాభై అయిదుకి వచ్చి చూస్తే ఇలా తెరిచుంది."

"చిన్న కారు తాళం?"

"అదిగో, వరండాలో మేకుకే ఉంది. రెండో తాళం మెకానిక్ పానా దగ్గరుంటుంది." గొంతు తగ్గించాడు. "నేనెవర్నీ అనను మేడమ్. కానీ పానా అంటే ఈ వీధిలో అందరికీ తెలుసు. వాడికి అప్పులున్నాయి."

మెట్ల మీంచి చిన్నల్లుడు తలెత్తాడు. "పానా అలాంటివాడు కాదు అన్నయ్యగారూ!"

"నీకందరూ మంచివాళ్ళే తమ్ముడూ. నీ అదృష్టం."

అదృష్టం అన్న మాట పళ్ళ మధ్య నలిగినట్టు వచ్చింది. ఇన్‌స్పెక్టర్ అతని మొహం ఒకసారి చూసి షెడ్డువైపు నడిచింది.

"ఈ బండి తీసి ఎన్నాళ్ళయింది?"

"తొమ్మిది రోజులు. పార్టు రావాలి. కదలదు."

ఆవిడ కవరు అంచు ఎత్తింది. వంగి, ఎడమవైపు ముందు చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య చెయ్యి దూర్చింది. నాలుగు వేళ్ళు సులువుగా పట్టాయి. కానిస్టేబుల్ చేత ఫోటో తీయించింది.

కారు ముక్కు ఎదురుగా రెండు రెక్కల పెద్ద చెక్క తలుపు ఉంది. బంపరుకీ తలుపుకీ మధ్య జానెడు సందు.

"ఆ తలుపేంటండీ?"

"ఒకప్పుడు నా ప్రింటింగ్ ప్రెస్సు," అన్నారు అప్పుడే చిన్న కూతురితో ఆటో దిగి వచ్చిన మామగారు. "మిషన్లు అమ్మేశాక ఖాళీగా పడుంది. అది తెరిచి రెండేళ్ళు దాటింది."

"తెరవాలన్నా ఈ కారు అడ్డం కదా మేడమ్," అన్నాడు కానిస్టేబుల్.

ఆవిడ తలూపి కవరు దించేసింది.

ఒంటిగంటన్నరకి పానా వర్క్‌షాపుకి వెళ్ళారు. చేతులకి గ్రీజుతో, నోటికి అడ్డూ అదుపూ లేకుండా మాట్లాడే మనిషి. దొంగతనం మాట వినగానే మొహం కందగడ్డ అయింది.

"నేనా? ఆ చిన్న కారుని నేను పెంచాను మేడమ్! అయిదు వేల కిలోమీటర్లకి ఆయిల్, టైముకి బెల్టు, టైముకి ప్లగ్గులు. చెప్పిన రోజుకి ఒక్కరోజు ఆలస్యం చెయ్యడు చిన్నాయన. మూడు లక్షల కిలోమీటర్లు తిరిగింది, ఇంకో లక్ష తిరుగుతుంది. తాళం ఇదిగో, రెండు నెల్లుగా ఈ డబ్బాలోనే ఉంది."

"పెద్దాయన కారు?"

"అది కారా? ఏనుగు. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తోందని కొన్నాడు. కొనడం చవకే, మేపడమే కష్టం. వారంటీ అయిపోయిన నెలలోనే గేర్‌బాక్సు పోయింది. తర్వాత సెన్సర్లు. ఇప్పుడు సస్పెన్షన్. దానికి స్ప్రింగులుండవు మేడమ్, గాలి బుడగలుంటాయి. ఒక్క బుడగ ఖరీదుకి చిన్న కారుకి నాలుగేళ్ళ సర్వీసింగు చెయ్యొచ్చు. ఎడమ ముందు బుడగ చిరిగింది. మొన్న ఆదివారం చూశాను, చక్రం మీద కూలబడి ఉంది. వేలు కూడా దూరదు."

ఇన్‌స్పెక్టర్ రాసుకోవడం ఆపేసింది.

"వేలు కూడా దూరదా?"

"కాగితం దూరదు."

సాయంత్రం నాలుగూ అయిదుకి అందరూ వాకిట్లో నిలబడ్డారు. పానాని జీపులోనే తీసుకొచ్చారు. పెద్దల్లుడు అతన్ని చూసి ఊపిరి పీల్చుకున్నాడు.

"ఒప్పుకున్నాడా మేడమ్?"

ఆవిడ నేరుగా షెడ్డులోకి వెళ్ళి కవరు పూర్తిగా లాగేసింది. లగ్జరీ కారు ఎడమవైపుకి ఒరిగిపోయి ఉంది. చక్రం మడ్‌గార్డులోకి దూరిపోయింది.

"పన్నెండున్నరకి ఇక్కడ నా నాలుగు వేళ్ళు పట్టాయి. ఫోటో ఉంది. ఇప్పుడు చిటికెన వేలు పట్టట్లేదు. పానా, ఏం జరిగుంటుంది?"

"ఇంజన్ ఆన్ చేస్తే కంప్రెసర్ గాలి కొడుతుంది మేడమ్. రెండు నిమిషాల్లో బండి లేస్తుంది. ఆపేశాక ఆ చిరుగులోంచి గాలి పోయి మెల్లగా దిగుతుంది. మూడు నాలుగు గంటల్లో మళ్ళీ ఇదిగో, ఇలా."

"అంటే పొద్దున ఎవరో దీన్ని స్టార్ట్ చేశారు. దీని తాళం ఎవరి దగ్గరుంటుంది?"

అందరి కళ్ళూ పెద్దల్లుడి మీదికి వెళ్ళాయి.

"బ్యాటరీ... బ్యాటరీ డౌన్ కాకూడదని కాసేపు..." పెద్దల్లుడు నీళ్ళు నమిలాడు.

"మరి తొమ్మిది రోజులుగా తీయలేదన్నారే?"

పెద్దల్లుడు చేతి వాచీ తిప్పుకుంటూ ఒకడుగు వెనక్కి వేశాడు.

"నేను చెప్తాను. పదిన్నరకి ఇల్లు ఖాళీ అయింది. మీ బండి వెనక్కి తీశారు. చిన్న కారుని ప్రెస్సు గదిలోకి తోలి తలుపేశారు. మళ్ళీ మీ బండి ముందు పెట్టి, కవరు కప్పి, తాళం మేకుకి తగిలించారు. గేటు తెరిచి మందులకి వెళ్ళారు. కదలని బండి వెనక ఎవరు వెతుకుతారు? నేనూ వెతకలేదు. అన్నీ సర్దారు గానీ, మీ బండి లేచి నిలబడిందన్న సంగతి మీరే చూసుకోలేదు."

కానిస్టేబుల్ తాళం తీసుకున్నాడు. ఇంజన్ మోగింది. నడుం పట్టేసిన మనిషి మంచం దిగినట్టు కారు మెల్లగా లేచి వెనక్కి వచ్చింది. పానా, చిన్నల్లుడు కలిసి తలుపు రెక్కలు లాగారు.

లోపల చిన్న కారు. ఒక డోరు వేరే రంగు.

చిన్నల్లుడు పరిగెత్తి డిక్కీ తెరిచాడు. పెట్టె మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయాడు. టూల్స్ అన్నీ ఉన్నాయి.

"ఎందుకు చేశారు?" అడిగింది ఇన్‌స్పెక్టర్.

పెద్దల్లుడికి ఇక దాచేదేం మిగల్లేదు. ఆరేళ్ళ కడుపుమంట ఒక్కసారిగా బయటికొచ్చింది.

"నేనీ కారు కొన్న రోజు వీధంతా వచ్చింది మేడమ్. మామగారు దీని పక్కన నిలబడి ఫోటో దిగారు. ఇప్పుడు ఆస్పత్రికెళ్ళాలంటే, 'చిన్నల్లుణ్ణి పిలవండి, టైముకి చేరాలి' అంటారు. నా భార్య రోజూ ఆఫీసుకి ఎవరి బండిలో వెళ్తుందో తెలుసా? అతనే దింపుతాడు. నేను వరండాలో నిలబడి చెయ్యూపాలి! నా జీతం సగం దీనికే పోస్తున్నా. అతను చీపురుపుల్లంత ఖర్చుతో రాజాలా తిరుగుతాడు. ఏం, నాకేం తక్కువ?"

"దాన్నేం చేద్దామనుకున్నారు?"

"రెండ్రోజులు దాచి ఎక్కడో వదిలేసేవాణ్ణి. రేపు ఎనిమిది దాటితే చాలు. అతని బండి కూడా పనికి అందలేదని ఈ ఇంట్లో ఒక్కరైనా అనాలి. ఒక్కసారి. నా చెవులతో వినాలి."

అప్పుడే ఆఫీసు నుంచి వచ్చిన అతని భార్య గేటు దగ్గర నిలబడి అంతా వింది.

"నన్ను ఆఫీసులో దింపడానికి కదలదన్నారు," అందావిడ. "ఈ పనికి మాత్రం కదిలిందన్నమాట."

అతను తల వంచుకుని మెట్ల మీద కూలబడ్డాడు.

ఇన్‌స్పెక్టర్ చిన్నల్లుడి వైపు తిరిగింది. "కంప్లయింట్ మీది. కేసు రాయమంటారా?"

అతనికి కోపం లేకపోలేదు. దవడ బిగుసుకుంది. "నా బండి దాచింది చాలక, దొంగతనం పానా మీదికి నెట్టారు. ముందు పానాకి క్షమాపణ చెప్పమనండి." తోడల్లుడి వంగిన మెడ చూశాడు. "కేసొద్దు మేడమ్. అన్నయ్యగారూ... రేపట్నుంచి మీరూ అక్కయ్యతో పాటు నా బండిలోనే రండి. ఎలాగూ అటే వెళ్తాను."

మామగారు వెళ్ళి చిన్నల్లుడి భుజం మీద చెయ్యి వేశారు. ఆయన కళ్ళు చెమర్చాయి. "మనసంటే ఇదీ. నువ్వు నా కొడుకువి నాయనా."

పెద్దల్లుడు దిగ్గున లేచాడు. మొహం ఎర్రబడింది. రెండు చేతులూ చాపి ఇన్‌స్పెక్టర్ ముందుకొచ్చాడు.

"రాయండి మేడమ్! కేసు రాయండి, లోపలెయ్యండి! క్షమించిన గొప్ప కూడా వాడికేనా?"