కడిగిన సీసాలు

కాజీపల్లిలో రాజవ్వ ఇంటి ముందు లూనా దిగుతూనే, ఆమె కొడుకు సంగయ్య మీద విరుచుకుపడింది కమలాకుమారి.

"సీసాలు కడిగారా?"

"కడిగిన మేడం. బోరు నీళ్లతోని మూడుసార్లు. మురికి సీసల పాలెట్ల ఇస్తం?"

"అవి ల్యాబ్‌లో శుభ్రం చేసి ఇచ్చినవండీ. మీ బోరు నీళ్లు కలిసి మూడు నెలల శాంపిళ్లు బూడిదలో పోసిన పన్నీరయ్యాయి."

కమల పశువైద్య కళాశాలలో రీసెర్చ్ చేస్తోంది. వాగులో ఫ్యాక్టరీ నీళ్లు కలిసినప్పటి నుంచి ఆ ఊరి బర్రెలు నెలలు నిండకుండానే ఈసుకుపోతున్నాయి. పంట పోతే రాసుకునే సర్కారు, పశువు పోతే ఏదో రోగమని చేతులు దులుపుకుంటుంది. పదిరోజుల్లో విచారణ. ఊరికి ఆమె రిపోర్టే దిక్కు.

సంగయ్యకూ కోపమొచ్చింది. "రెండు చుక్కలంటితేనే మీ పాలు పాడైనయంటున్నరు. మా బర్రె రోజుకు మూడు బకెట్లు తాగుతది. దానికేం గావాలె?"

ఇంత చదివీ, వాగులోని విషం బోరులోకీ దిగి ఉంటుందని తట్టనందుకు కమలకు సిగ్గేసింది.

మర్నాటి నుంచి కడగని సీసాలో పాలు, పక్కనే బోరు నీళ్లు విడిగా పట్టారు.

"కొత్తోళ్లను తంతదిది. మిమ్ముల ఏమంటలేదు" అన్నాడు సంగయ్య పాలు పిండుతూ.

"దానికి మనుషుల్ని పోల్చుకోవడం తెలుసు. కొందరిలా కాదు" అంది కమల అతని వైపు ఓరగా చూస్తూ.

రెండింట్లోనూ ఫ్యాక్టరీ వదిలే రసాయనమే తేలింది. రిపోర్టు కింద పశువు యజమాని సంతకం కావాలన్నారు. సంగయ్య ఆ ఫ్యాక్టరీలోనే కాంట్రాక్టు లేబరు. అయినా పెట్టాడు. విచారణలో మొదటిసారి పశువుల నష్టం రాసుకున్నారు. తెల్లారి గేటు దగ్గర అతని పాసు గుంజుకున్నారు.

ఆ సంగతి విని కమలకు ఒళ్లు మండిపోయింది. వెంటనే వచ్చి నిలదీసింది. "పని పోతుందని తెలిసీ ఎందుకు పెట్టారు?"

"బర్రెకు సంతకం రాదు గద మేడం."

ఆమెకు కోపంలోనే నవ్వొచ్చింది. "ఆదివారం మా నాన్నగారు ఇంట్లోనే ఉంటారు. వచ్చి నన్ను మీకిమ్మని అడగండి."

"మీరంటే నాకు పాణమే. గని పని లేనోణ్ని, ఏ మొకం పెట్టుకొని అడగాలె?"

కొట్టంలో గడ్డి వేస్తున్న రాజవ్వ బయటికొచ్చింది.

"సిగ్గువడాల్సింది విషం ఇడిసినోళ్లు కొడకా, నువ్వు గాదు. ఆదివారం నేను గూడ వస్త."